మిరపకాయ గోతాల్లో తెల్ల కోట్లు

మొన్నీమధ్య ఒక కాలేజీ వాళ్ళు నన్ను సభకి పిలిచారు. పాత బట్టలు, పాత పుస్తకాలు, పాత కాలిక్యులేటర్లు విద్యార్థులే ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే స్టాలు పెట్టారట, దాని ప్రారంభోత్సవం. ఆ పనికి ఇంగ్లీషులో ఒక పొడుగాటి పేరుంది. మైకు ముందు రెండుసార్లు పలకబోయి, మూడోసారి మంచినీళ్ళు తాగి ఊరుకున్నాను. చివర్లో శాలువా కప్పారు. ప్లాస్టిక్ కవరు కూడా చింపని కొత్త శాలువా. పాత వస్తువుల మీద అరగంట మాట్లాడినవాడికి కొత్త శాలువా ఏమిటని నేను అడగలేదు. మర్యాద ఉంటుంది కదా.

ఆ సభలో ఒకమ్మాయి లేచి, "సార్, మీ రోజుల్లో ఇలాంటివి లేవు కదా, ఎలా గడిచేది?" అని అడిగింది. మా రోజుల్లో ఉన్నవన్నీ ఇలాంటివేనమ్మా అన్నాను. అందరూ నవ్వారు. టైమైపోయిందని మైకు తీసేసుకున్నారు. అందుకని ఆ జవాబులో మిగిలిన భాగం ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక హెచ్చరిక. నేను కాస్త కల్పించి చెబుతానని మా ఊళ్ళో ఒక అభిప్రాయం ఉంది. అభిప్రాయం ఉన్నవాళ్ళు ఎక్కువమందే. ఇందులో ఎక్కడెక్కడ పెంచానో అక్కడక్కడే ఒప్పుకుంటాను. ఒప్పుకోని చోట జరిగిందే రాశాననుకోండి.

ఎనభైల నడిమి రోజులు. గుంటూరు నుంచి ఒంగోలు పోయే దారిలో ఉన్న ఒక ఊళ్ళో, డిగ్రీ కాలేజీలో నేను స్టోర్ కీపర్ని. కాలేజీకి ఒక పక్క పత్తి చేలు, ఇంకో పక్క మిరపకాయలు ఆరబోసే కల్లాలు. మాఘమాసం దాటితే కిటికీలోంచి చూసినంత మేరా ఎర్రగా ఉండేది. సైన్సు వాళ్ళకి రేకుల షెడ్డు, ఆర్ట్స్ వాళ్ళకి డాబా. ఎందుకలా కట్టారో ఎవరికీ తెలియదు. షెడ్డు చివర నా స్టోరు. బీకర్లు, పిపెట్లు, ఫార్మలిన్‌లో కప్పలు, మూలన ఒక అస్థిపంజరం. నా పని సామాను ఇవ్వడం, పగిలితే పగలగొట్టినవాడు ఒప్పుకునేదాకా వాడి ఎదురుగా నిలబడటం. ఇంకా పర్మనెంట్ కాలేదు.

నేను రోజూ పావుగంట ఆలస్యంగా వచ్చేవాణ్ణి. వచ్చినప్పుడల్లా మా ప్రిన్సిపాల్‌కి కారణం చెప్పేవాణ్ణి. చీమకుర్తి నుంచి రాయి వేసుకొస్తున్న లారీ మా బస్సుకి ఎదురొచ్చి, దారి ఇరుకై, మర్యాద కోసం రెండూ అద్దంకి దాకా వెనక్కి వెళ్ళాయని ఒకసారి చెప్పాను. ఆయన తలుపు దగ్గరగా వేయించి, "తర్వాత?" అని అడిగేవాడు. నాకు మెమో ఇవ్వలేదు. కాని నేను చెప్పేదేదీ నమ్మకూడదని ఆయన ఆ రోజుల్లోనే నిర్ణయించుకున్నాడు. అది నాకు తర్వాత పనికొచ్చింది. అంటే, పనికిరాకుండా పోయింది. చెబుతాను.

సైన్సు చదవాలంటే తెల్ల కోటు ఉండాలి. కోటు లేనివాణ్ణి మా కెమిస్ట్రీ లెక్చరర్ ల్యాబు గడప దాటనిచ్చేవాడు కాదు. చాలా పద్ధతి గల మనిషి. "అబ్జర్వేషన్ లేకుండా ఇన్ఫరెన్స్ లేదు" అన్నది ఆయన నోట రోజుకి పదిసార్లు వచ్చేది. పెళ్ళిచూపుల్లో కూడా కాగితం మీద ఎడంపక్క అబ్జర్వేషన్, కుడిపక్క ఇన్ఫరెన్స్ రాసుకున్నాడని నేను ప్రచారం చేశాను. అది నేను పెంచిన మాట. కాని విన్నవాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు.

కుట్టించుకోలేని పిల్లల కోసం, వెళ్ళిపోయిన వాళ్ళు వదిలేసిన కోట్లు స్టోరు పక్క గదిలో మేకులకి తగిలించి ఉంచేవాణ్ణి. ఎవరూ తీసుకునేవారు కాదు. అప్పు చేసైనా కొత్తది కుట్టించుకునేవారు గాని, మేకు మీది కోటు వేసుకుంటే తక్కువ.

ఆ ఏడాది మొదటి సంవత్సరంలో ఒక పిల్ల చేరింది. పక్క పల్లె. తండ్రి చేలో కూలికి వెళ్ళేవాడు, ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు. తల్లి మిర్చి గోడౌన్లో కాయలకి తొడిమలు తుంచేది. సెలవులొస్తే ఈ పిల్ల కూడా తల్లి పక్కన కూర్చునేది. ఎనిమిదో ఏట నుంచీ అదే వేసవి. బీఎస్సీ పాసై బీఈడీ చేసి, ఏదో ఒక బళ్ళో సైన్సు టీచరమ్మ కావాలని ఆమె కోరిక. మేకు మీది కోటు తీసి, మాట్లాడకుండా తొడుక్కుంది. అది గంజి రంగుకి తిరిగిపోయి ఉంది. మోచేతి దగ్గర ఆసిడ్ పడిన చిల్లు.

ఆయిలు మిల్లు వాళ్ళబ్బాయి ఒకడుండేవాడు, టెర్రికాట్ కోటు, జేబు మీద పేరు కుట్టించుకున్నాడు. ఆ పిల్లని చూసి, "ఏవమ్మా, మీ ఊళ్ళో డాక్టరుగారు పోయారా? కోటు పంచిపెడుతున్నారా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆమె కోటు విప్పి, మడతపెట్టి, నా బల్ల మీద పెట్టింది.

"ఇది ఎవరికైనా ఇవ్వండి సార్. నేను ఆర్ట్స్‌కి మారిపోతాను. అక్కడ ఏం వేసుకోనక్కర్లేదంట."

ఆ మాట ఆమె ఏడుస్తూ చెప్పుంటే నేను ఓదార్చి పంపేవాణ్ణేమో. మామూలుగా చెప్పింది. నేను కోటు పట్టుకుని స్టోరు లోపలికెళ్ళాను. బట్టలుతికే ఆయన గుర్తులు పెట్టే నల్ల సిరా బుడ్డి ఒకటి నా దగ్గర ఉండేది. కాలరు లోపలి పక్క నోటికొచ్చిన రిజిస్టరు నంబరు ఒకటి రాశాను. బయటికొచ్చి గట్టిగా అరిచాను.

"ఈ కోటు మేకు మీదకి ఎట్లా వచ్చిందిరా? దీన్ని నేను తాళం వేసి పెట్టుకున్నాను. యూనివర్సిటీ మొదటి ర్యాంకు కోటిది."

తర్వాత కొంచెం వివరం చెప్పాల్సి వచ్చింది. ఆ ర్యాంకు అతను హైదరాబాదులో ఏదో పెద్ద ల్యాబులో మందు కనిపెట్టే పనిలో ఉన్నాడని, అక్కడ తోచనప్పుడల్లా ఈ కోటు కోసం ఉత్తరం రాస్తాడని, నేను పంపట్లేదని. కాలరు తిప్పి నంబరు చూపించాను. మా కాలేజీకి అప్పటికి ర్యాంకు సంగతి అటుంచి, ల్యాబుకి సరిగ్గా నీళ్ళు కూడా వచ్చేవి కావు. ఆ పిల్ల కోటు చేతిలోకి తీసుకుని కాలరు ఒకసారి బొటనవేలితో రుద్ది చూసింది. తొడుక్కుంది.

మర్నాడు మిల్లు వాళ్ళబ్బాయి స్టోరు కిటికీ దగ్గరికొచ్చి, చుట్టూ చూసి, "సార్, ఫస్ట్ క్లాసుదైనా పర్లేదు, ఒకటుందా?" అన్నాడు.

ఆ ఏడాది ఆఖరికి కొత్త కోటు వేసుకున్నవాడు పరీక్ష తప్పుతాడన్న మాట కాలేజీ అంతా పాకింది. అది నేను చెప్పలేదు, వాళ్ళే కలుపుకున్నారు. వెళ్ళిపోయేవాళ్ళు కోటు ఇంటికి పట్టుకెళ్ళడం మానేశారు. కాలరు లోపల తమ నంబరు రాసి, మేకుకి తగిలించి, దణ్ణం పెట్టి వెళ్ళేవాళ్ళు. తర్వాతవాడు దాని కింద తన నంబరు. కోట్ల వెంట పుస్తకాలు వచ్చాయి, డిసెక్షన్ పెట్టెలు వచ్చాయి, ఒకడు పాత సైకిలు కూడా తెచ్చి గోడకి ఆనించాడు. చీరాల నుంచి వచ్చే చేనేత వాళ్ళబ్బాయి ఒకడు చిరిగిన చోట నేసినట్టే రఫూ చేసేవాడు; మాసిక ఎక్కడుందో వెతికినా దొరికేది కాదు. మూడేళ్ళలో మా సైన్సు షెడ్డులో కొత్త కోటన్నది లేకుండా పోయింది. ఇప్పుడు మీరు స్టాలు పెట్టి, బ్యానరు కట్టి చేస్తున్న పని మేం ఒక అబద్ధంతో చేశాం. దేనికి ఖర్చు తక్కువో మీరే ఆలోచించండి.

పరీక్షల ముందు ఇంకో పద్ధతుండేది. ప్రాక్టికల్స్‌కి పది రోజుల ముందు కోట్లన్నీ పోగుచేసి, ఉతికించి, గంజి పెట్టించి, ఇస్త్రీ చేయించి, పరీక్ష రోజు పొద్దున కాలరు నంబరు చూసి ఎవరిది వాళ్ళకి ఇచ్చేవాళ్ళం. ఆ పంచే పని ఎప్పుడూ ఈ పిల్లదే. ఎవరి కోటు ఎవరిదో నంబరు చూడకుండానే చెప్పగలిగేది.

ఆమె చివరి సంవత్సరం. పరీక్షకి ఇక వారం ఉందనగా ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, బయటి నుంచి వచ్చే ఎగ్జామినరుకి భోజనం ఏర్పాటు ఆ కోట్ల గదిలోనే చేయాలని, ఆ పాతగుడ్డలన్నీ ఆయన కళ్ళ పడకుండా ఎక్కడన్నా కట్టిపెట్టమని చెప్పాడు. కోట్లు అప్పుడే ఇస్త్రీ అయి వచ్చాయి, గంజి తడి ఇంకా పూర్తిగా వదల్లేదు. గోతాలు కావాలి. మా ఊళ్ళో గోతాలంటే మిరపకాయల గోతాలే. తెలిసిన కమీషన్ వ్యాపారి దగ్గర నాలుగు ఖాళీవి అడిగి తెచ్చాను.

నా తెలివితక్కువతనం మీకు పూర్తిగా తెలియాలి. నేను మరిచిపోయి మిర్చి గోతాలు వాడలేదు. ఏరికోరి వాడాను. మా అమ్మ కందిపప్పు డబ్బాలో నాలుగు ఎండుమిరపకాయలు వేసేది, పురుగు పట్టకుండా. పప్పుకి పనిచేసింది బట్టకి ఎందుకు పనిచేయదు? గోతాలు మూడేసిసార్లు గోడకేసి దులిపాను. తెల్ల కోట్లు చక్కగా మడతపెట్టి కుక్కాను. మూతులు కుట్టి, రేకుల కింద అటక మీద పెట్టాను. ఎండలు ముదురుతున్నాయి. కోట్లు అక్కడ వారం రోజులు ఊరాయి.

పరీక్ష రోజు పొద్దున్నే విప్పి, గోతాలు మళ్ళీ ఆ వ్యాపారికి తిరిగిచ్చేశాను. అడిగి తెచ్చుకున్న వస్తువు వెంటనే ఇచ్చెయ్యాలన్నది నా పద్ధతి. కోట్లు కొంచెం గులాబీ వన్నె తిరిగిన మాట నిజం. ఉతికినాయన నీలిమందు మార్చాడేమో అనుకున్నాను. ఆ పిల్ల కాలర్లు తిప్పి చూడకుండానే పంతొమ్మిది మందికీ పంచింది. ఆఖర్న తనది తొడుక్కుంది.

వచ్చిన ఎగ్జామినరు పెద్దాయన, విశాఖ వైపు మనిషి. చేతిలో వెండి మూత ఉన్న ముక్కుపొడి డబ్బీ. కూర్చున్న దగ్గర్నుంచి ప్రతి పది నిమిషాలకీ చిటికెడు ఎక్కించేవాడు.

స్పిరిట్ దీపాలు ఆరిపోకుండా ఫ్యాన్లు కట్టేయించారు. టైట్రేషన్ అంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్క: ఒక ద్రావణం పిపెట్‌తో నోట్లోకి రాకుండా జాగ్రత్తగా పీల్చి ఫ్లాస్కులో పోయాలి, పైనుంచి ఇంకోటి చుక్క చుక్కగా వదలాలి, లేత గులాబీ రంగు వచ్చీ రాగానే ఆపాలి. కావలసినవి రెండే. కుదురైన ఊపిరి, తేటైన కళ్ళు.

పావుగంట ఏమీ జరగలేదు. తర్వాత చెమట పట్టింది.

మొదట మిల్లు వాళ్ళబ్బాయి తుమ్మాడు. ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఇద్దరు, తర్వాత ఒక వరుస మొత్తం. మెడ దగ్గర గోక్కోవడం మొదలుపెట్టారు. గోక్కున్న చేత్తో కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత జరిగింది వర్ణించడం కష్టం. ఒకడు పిపెట్ సగం దాకా పీల్చి తుమ్మాడు. అది ఎదురు గోడ మీద పీరియాడిక్ టేబుల్‌ని తడిపింది. ఏ మూలకం మీద పడిందో కూడా నేను చెప్పేవాణ్ణి, అది పెంచింది. తుమ్ముల గాలికి స్టోరులో అస్థిపంజరం లేచి నిలబడిందని కూడా చెప్పేవాణ్ణి. నిలబడలేదు. చెయ్యి మాత్రం కొంచెం ఊగింది. ఫ్లాస్కులన్నీ చిక్కటి ఎరుపుకి తిరిగాయి, కళ్ళ నిండా నీళ్ళున్నవాడికి లేత గులాబీ ఎక్కడ ఆగిందో కనపడదు.

పంతొమ్మిది మంది ఏడుస్తున్నారు. కిటికీ పక్కన ఆ పిల్ల ఒక్కతే, బ్యూరెట్ మీద చూపు తిప్పకుండా, చుక్క చుక్కగా వదులుకుంటోంది.

పరీక్ష ఆపారు. పిల్లలు కోట్లు విప్పి ల్యాబు గట్టు మీదికి విసిరి పంపు దగ్గరికి పరిగెత్తారు. కింద పడిన కోటొకటి తీయబోయాను. జేబులోంచి ఒక మిరపగింజ రాలింది. పసుప్పచ్చగా, చిన్నది. అప్పుడు నాకు మొత్తం అర్థమైంది.

అర్థమైనవాడు చేయాల్సిన పని ఒకటుంది. నేను చేసింది వేరు. గింజ జేబులో వేసుకుని స్టోరులోకెళ్ళి, కడిగి పెట్టి ఉన్న బీకర్లు మళ్ళీ కడగడం మొదలుపెట్టాను. చెబితే నా పర్మనెంట్ పోతుంది. పాత కోట్ల గది మూతపడుతుంది. పిల్లలు కాసేపు తుమ్మి ఊరుకుంటారు, ఎవరికీ ఏమీ కాదు. ఇలా అనుకుంటూ నాలుగు బీకర్లు కడిగాను. ఐదోది కడుగుతుండగా ల్యాబులోంచి కెమిస్ట్రీ లెక్చరర్ గొంతు వినిపించింది.

"ఇరవై మందిలో పంతొమ్మిది మంది ఏడుస్తున్నారు. నీ కంట్లో చుక్క లేదు. ఎందుకు?"

"అలవాటండి."

"దేనికి అలవాటు?"

"మిరపకాయలకండి."

ఆయనకి అబ్జర్వేషన్ దొరికింది. పొద్దున్న కోట్లు పంచింది ఎవరు? ఈ అమ్మాయి. వాళ్ళమ్మ పనిచేసేది ఎక్కడ? మిర్చి గోడౌన్లో. లాభం ఎవరికి? అందరికీ రీడింగు పోతే ఈమె ఒక్కదానికే మార్కులు. ఆమె పేపరు లాక్కుని పైన ఎర్ర సిరాతో మాల్‌ప్రాక్టీసు అని రాశాడు. ఆ కాగితం యూనివర్సిటీకి వెళితే పరీక్షలన్నీ పోతాయి, ఆ మచ్చ ఉన్న పిల్లని ఏ బడీ టీచరుగా తీసుకోదు. ప్రిన్సిపాల్ని పిలిపించారు. ఆయన మంచితనంగానే, తప్పు చేయలేదని బైబిలు మీద ప్రమాణం చెయ్యమ్మా అన్నాడు. ప్రమాణాలు చేయకూడదని మా ఇంట్లో నేర్పారండీ అంది. అదీ ఆమెకి వ్యతిరేకంగానే పడింది.

నేను వెళ్ళి నిలబడ్డాను. నా సర్వీసులో అన్నిటికన్నా తక్కువ అలంకారాలున్న వాక్యం ఆ రోజు చెప్పాను.

"సార్, తప్పు నాది. వారం రోజులు కోట్లు మిర్చి గోతాల్లో పెట్టాను."

ప్రిన్సిపాల్ నా వంక చూశాడు. అద్దంకి దాకా వెనక్కి వెళ్ళిన బస్సు ఆయన కళ్ళలో కనపడింది.

"ఎందుకు పెట్టావు?"

"పురుగు పట్టకుండా సార్."

"తర్వాత?" అన్నాడు ఆయన, అలవాటు కొద్దీ.

గింజ తీసి చూపించాను. అది ఈ అమ్మాయి దగ్గరే దొరికుంటుందన్నాడు లెక్చరర్. గోతాలు చూపించమన్నారు. నాలుగు గోతాలూ అప్పటికి కొత్త కాయలు నింపుకుని లారీ ఎక్కి గుంటూరు దారిలో ఉన్నాయి. ఇచ్చిపుచ్చుకోవడంలో ఉన్న ఇబ్బంది ఇదొక్కటే, సాక్ష్యం మిగలదు. ప్రిన్సిపాల్ నా భుజం మీద చెయ్యి వేసి, "ఆ పిల్ల మీద జాలి ఉండొచ్చయ్యా. కాని ప్రతిదానికీ కథ చెప్పకూడదు" అన్నాడు. మూడేళ్ళుగా చెప్పినవన్నీ ఆయన తలుపు వేసుకుని విన్నాడు. ఈ ఒక్కటీ తలుపు తెరిచే ఉంది, వినలేదు.

నాకింక చెప్పడానికేమీ దొరకలేదు. అంతకు ముందు అలా ఎప్పుడూ జరగలేదు.

అప్పుడా పిల్ల తన కోటు విప్పింది. మూడేళ్ళ క్రితం మడతపెట్టినట్టే మడతపెట్టి లెక్చరర్ ముందుకి చాపింది.

"ఇది వేసుకోండి సార్. నేను వేరేవాళ్ళవి చెడగొట్టుంటే నాది శుభ్రంగా ఉండాలి కదండీ. మీరే అంటారు, చూడకుండా రాయకూడదని."

లెక్చరర్ కదల్లేదు. బల్ల అవతల ఎగ్జామినరు అప్పుడే డబ్బీ మూత తీస్తున్నాడు. ఆయన అప్పటిదాకా నోరు విప్పలేదు.

"వేసుకోండి మాస్టారూ, దానికేముంది? నాకూ ఒక్క తుమ్ము రాలేదు. నేనేమన్నా చల్లానా?"

పద్ధతి గల మనిషితో ఉన్న సుఖం ఇదే. పద్ధతి ప్రకారం అడిగితే కాదనలేడు. లెక్చరర్ కోటు తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టుకుని, గడియారం వంక చూస్తూ నిలబడ్డాడు. ఆమె వెళ్ళి గట్టు మీద కోట్లలో మిల్లు వాళ్ళబ్బాయిది తీసి తొడుక్కుంది. అందరికన్నా ఎక్కువ ఏడ్చింది అతనే. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. పిల్లలు ఎర్రటి కళ్ళతో కిటికీల దగ్గర మూగారు.

ఐదు నిమిషాలకి ఆయన మెడ సర్దుకున్నాడు. ఆరో నిమిషంలో గోక్కున్నాడు. తర్వాత తుమ్మాడు. పదకొండు తుమ్ములు. ఇరవై ఒకటని నేను చెప్పుకున్న రోజులున్నాయి గాని, పదకొండే. మధ్యలో కళ్ళద్దాలు తీసి తుడుచుకోబోయి, ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాడు. దాంతో ప్రయోగం పూర్తయింది.

ఆ పిల్ల అలాగే నిలబడి ఉంది, పొడి కళ్ళతో.

"మిరపకాయలకి మేం ఏడవడం చిన్నప్పుడే అయిపోయిందండి," అంది.

లెక్చరర్ కోటు విప్పి, ఆమె పేపరు తీసుకుని, తను రాసిన ఎర్రమాట కొట్టేసి, పక్కన సంతకం పెట్టాడు. కళ్ళలోంచి కారుతున్న నీళ్ళు ఆ సంతకం మీద పడి కాస్త అలికాయి. అవి మిరపకాయల నీళ్ళేనని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పాడు. నేను నమ్మాను. నేను అందరినీ నమ్ముతాను.

మధ్యాహ్నం మళ్ళీ పరీక్ష పెట్టారు, పంతొమ్మిది మందికి, కోట్లు లేకుండా, కిటికీలు బార్లా తెరిచి. ఆమెకి పొద్దుటి రీడింగే ఖాయం చేశాడు ఎగ్జామినరు. నన్నొక చిటికెడు ముక్కుపొడి తీసుకోమన్నాడు కూడా. నాకు మాత్రం మెమో వచ్చింది. దానికి నేను రాసిచ్చిన జవాబు ఒకే వాక్యం. అందులో బస్సు లేదని ప్రిన్సిపాల్ చిన్నబుచ్చుకున్నాడని విన్నాను.

కోపంలో ఆయన ఆ కోట్లన్నీ తగలబెట్టమన్నాడు. తగలబెడితే ఆ పొగకి ఊరు ఖాళీ చేయాల్సొస్తుంది సార్ అన్నాను. ఆలోచించి, ఈ ఒక్కమాట నమ్మాడు. నేనూ, మిల్లు వాళ్ళబ్బాయీ, చీరాల అబ్బాయీ కలిసి వాటిని సాగర్ కాలవకి మోసుకెళ్ళి నాలుగు వాయిలు ఉతికాం. కాలవలో చేపలు తుమ్మాయని నేనెప్పుడూ అనలేదు. అన్నానని చెప్పేవాళ్ళున్నారు.

వేసవిలో ఫలితాలొచ్చాయి. ఆమెకి ఫస్ట్ క్లాసు. బీఈడీలో చేరేముందు కోటు తగిలించి పోదామని కాలేజీకి వచ్చింది. గోడౌన్ నుంచి నేరుగా వచ్చినట్టుంది, వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేనప్పుడు ఆ పిల్లకి ఒక సంగతి చెప్పేద్దామనుకున్నాను. ఒకసారి నిజం చెప్పడం మొదలుపెట్టినవాడికి నోరు ఊరుకోదు. ర్యాంకు అతనెవరూ లేడమ్మా, ఆ నంబరు నేనే రాశాను అన్నాను.

"తెలుసండి," అంది. "ఆ రోజు సిరా ఆరలేదు. నా వేలికి అంటింది."

మూడేళ్ళు.

"మరి చెప్పలేదేం?"

"అప్పటికే అందరూ నమ్మేశారు కదండీ." కోటు మేకుకి తగిలిస్తూ అంది. "ఒకసారి మీ గది దులుపుతుంటే పాత హాజరుపట్టీలో ఆ నంబరు దొరికింది. రెండు నెలలొచ్చి మానేసినతనిది. ఫీజు కట్టలేదని రాసుంది."

కాలరు తిప్పి చూశాను. నేను రాసిన నంబరు వెలిసిపోయి ఉంది. దాని కింద తన నంబరు, గుండ్రటి అంకెల్లో, ఆరిన సిరాతో.

"కింద నాది రాశానండి," అంది గడప దాటుతూ. "పైది కొట్టెయ్యలేదు."